దేహానికి తగిన తుపాకి

చెప్పు కాలికి సరిపోనప్పుడు ఎవరూ కాలిని చెక్కుకోరు, చెప్పునే మార్చుకుంటారు. ఇంత సులభమైన సత్యం కూడా కొన్ని వస్తువుల విషయంలో మనకు స్ఫురించదు. ఎడమచేతి వాటం గల పిల్లవాడు కత్తెరతో కాగితం సరిగా కోయలేకపోతే వాడిని మొద్దు అంటాము గాని, ఆ కత్తెర కుడిచేతివారి కొరకు తయారైనదన్న సంగతి తలచము. పనిముట్టు మన చేతికి ఒదగకపోతే దోషం చేతిదే అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఈ వ్యాసానికి నేను ఎంచుకున్న పనిముట్టు తుపాకి. అందులోను అమెరికాలో ప్రసిద్ధి పొందిన పంప్ యాక్షన్ షాట్‌గన్. దేహంలో ఏదో ఒక బలహీనత గల వ్యక్తి దానిని ఎలా ఎంచుకోవలెను అన్నది విషయం. తెలుగు ఉపన్యాసకునికి తుపాకితో పనేమిటని మా విద్యార్థులు నవ్వుకోవచ్చును. దానికొక కారణం ఉన్నది.

నాకొక బాల్యమిత్రుడున్నాడు. పసితనంలో పోలియో సోకి అతని ఎడమ చేయి సన్నబడింది. వేళ్లు చక్కగా ఆడతాయి గాని, చేయి పైకెత్తితే ఎక్కువసేపు నిలవదు. డిగ్రీ చదివే రోజులలో మేము ఎన్.సి.సి. దుస్తులు ధరించి ఫైరింగ్‌కు బయలుదేరితే అతడు కళాశాల గేటు వద్దనే ఆగిపోయేవాడు. మేము తిరిగి వచ్చాక మాత్రం “ఎవరికెన్ని తగిలాయి?” అని తప్పక అడిగేవాడు. ఇప్పుడతడు అమెరికాలో శాశ్వత నివాసం పొంది టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్నాడు. యంత్రంతో గాలిలోకి ఎగురవేసిన బిళ్లలను షాట్‌గన్‌తో పగులగొట్టడం అక్కడ సామాన్యమైన క్రీడ. పొరుగింటివారు ఒకనాడు అతనిని వెంట తీసుకుపోయి తమ తుపాకిని చేతికిచ్చారు. పది తూటాలు పేల్చేసరికి భుజం కమిలిపోయింది. ఒక్క బిళ్ల కూడా పగలలేదు. ఆ రాత్రి ఫోను చేసి, “ఇది నా వల్ల అయ్యే పని కాదురా” అన్నాడు. కొన్ని నెలల తరువాత మళ్లీ ఫోను చేసినప్పుడు అతని గొంతులోని ఉత్సాహం వేరు. ఆ రెండు ఫోనుల మధ్య మారినది అతని చేయి కాదు, తుపాకి. ఆ మార్పు ఎట్టిదో తెలుసుకోవాలనే కుతూహలమే నన్నీ విషయంలోకి దింపింది.

పేరు – యంత్రం

మనం తెలుగులో వాడే ‘తుపాకి’ తురుష్క భాషలోని ‘తుఫెక్’, పారసీకంలోని ‘తుఫంగ్’ అనే మాటలకు బంధువు. ఉర్దూలోని ‘బందూక్’ తెలంగాణ పల్లెలలో బందూకుగా నిలిచి ఉన్నది. షాట్‌గన్ అనేది ఈ జాతిలో ఒక ప్రత్యేక శాఖ. రైఫిల్ ఒక్క గుండును తిప్పుతూ దూరానికి పంపుతుంది. షాట్‌గన్ లోపలి గొట్టం నునుపుగా ఉండి, ఒకే తూటాలోని వందలాది చిన్న సీసపు రవ్వలను దగ్గరి దూరానికి చల్లుతుంది. ఎగిరే లక్ష్యాన్ని కొట్టడానికి ఇది అనువైనది.

షాట్‌గన్ పరిమాణాన్ని ‘బోర్’ అనే లెక్కతో చెబుతారు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోత పోస్తే ఒక్కొక్క గుండు వ్యాసం ఎంత ఉంటుందో, 12 బోర్ గొట్టం లోపలి వ్యాసం అంత. అనగా సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోర్ గొట్టం సుమారు 15.6 మిల్లీమీటర్లు. కనుక అంకె పెరిగినకొలదీ గొట్టం సన్నబడుతుందని గ్రహించవలెను.

పంప్ యాక్షన్‌లో గొట్టం క్రింద చేతితో పట్టుకునే భాగం ముందుకు, వెనుకకు జరుగుతుంది. వెనుకకు లాగితే పేలిన తూటా డిప్ప బయటపడుతుంది. ముందుకు తోస్తే క్రింది నాళికలోని కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా వించెస్టర్ సంస్థ తయారుచేసిన 1897 నమూనా ఈ రకానికి గొప్ప వ్యాప్తి తెచ్చింది. 1950లో వెలువడిన రెమింగ్టన్ 870 కోటికి పైగా తయారైంది. ధర తక్కువ, నిర్మాణం దృఢం. అందుచేతనే క్రొత్తగా నేర్చుకునేవారి చేతికి తరచు మొదట వచ్చేది ఇదే.

తన్ను ఎక్కడి నుండి వస్తుంది?

బలహీనమైన దేహానికి మొదటి శత్రువు తుపాకి వెనుకకు కొట్టే దెబ్బ. దానినే మనవారు ‘తుపాకి తన్నింది’ అంటారు. ఇది న్యూటన్ సూత్రానికి ప్రత్యక్ష నిదర్శనం. గుండ్లు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతాయో, తుపాకి అంతే ద్రవ్యవేగంతో వెనుకకు వస్తుంది.

లెక్క వేసి చూద్దాము. 12 బోర్ తూటాలోని రవ్వల బరువు 32 గ్రాములు, వేగం సెకనుకు 365 మీటర్లు, తుపాకి బరువు 3.2 కిలోగ్రాములు అనుకుందాము. అప్పుడు తుపాకి సెకనుకు 3.65 మీటర్ల వేగంతో వెనుకకు వస్తుంది. భుజం భరించవలసిన శక్తి సుమారు 21 జౌళ్లు. మందు వాయువులు, తూటాలోని అట్ట కూడ కలిపితే అసలు తన్ను మరికొంత ఎక్కువే గాని, పోలికకు ఈ లెక్క చాలును. అదే తుపాకిలో, అదే వేగంతో, 24 గ్రాముల రవ్వలు గల తూటా పేల్చినచో శక్తి 12 జౌళ్లకు పడిపోతుంది. వేటకు వాడే 50 గ్రాముల భారీ తూటా ఐతే 52 జౌళ్లకు పెరుగుతుంది.

ఇందులో ఒక రహస్యం ఉన్నది. తుపాకి బరువు రెట్టింపైతే తన్ను శక్తి సగమే తగ్గుతుంది. కాని అదే వేగంతో పోయే రవ్వల బరువు సగమైతే తన్ను నాలుగవ వంతుకు దిగిపోతుంది. అందుచేత తుపాకి మార్చుటకు ముందు తూటా మార్చవలెను. ఒలింపిక్ పోటీలలో ప్రపంచ విజేతలే నేడు 24 గ్రాముల తూటాతో బిళ్లలను పగులగొడుతున్నారు. కనుక తేలిక తూటా వాడడం చిన్నతనమేమీ కాదు.

‘బలహీనులకు 20 బోర్ మేలు’ అన్న సలహా తరచు వినిపిస్తుంది. అది సగం నిజం. 20 బోర్ తుపాకి సాధారణంగా తేలిక. 2.6 కిలోగ్రాముల తుపాకిలో అదే 24 గ్రాముల భారం, అదే వేగంతో పేల్చితే సుమారు 15 జౌళ్లు వస్తుంది. అనగా పై 12 బోర్ తుపాకి తన్ను కన్న ఎక్కువే. భుజం నొప్పి గలవారికి బరువైన 12 బోర్, తేలిక తూటా మేలు. చేతులు బరువు మోయలేనివారికి 20 బోర్ మేలు. ఏది బలహీనమో తెలియనిదే సలహా చెప్పరాదు.

ఇక్కడనే పంప్ యాక్షన్ గుణదోషాలు రెండూ బయటపడతాయి. పేలుడు వాయువుతో తనంతట తాను తూటా మార్చుకునే తుపాకి తన్నును కొంత మెత్తబరుస్తుంది. పంప్ యాక్షన్‌కు ఆ దయ లేదు. కాని స్వయంచాలకమైన తుపాకి తేలిక తూటాతో ఒక్కొక్కసారి మొరాయిస్తుంది. పంప్ యాక్షన్ నడిచేది చేతి బలంతో కనుక ఎంత తేలిక తూటానైనా అభ్యంతరం లేక స్వీకరిస్తుంది. ఐతే ఆ చేయి చివరిదాకా లాగి చివరిదాకా తోయవలెను. సగంలో ఆపితే డిప్ప ఇరుక్కుంటుంది. భయపడుతూ మెల్లగా లాగేవారికే ఈ చిక్కు ఎక్కువ.

కొలతలు

దర్జీ కొలత తీసుకోకుండ షేర్వానీ కుట్టడు. తుపాకికి కూడ కొలత ఉన్నది. ట్రిగ్గర్ నుండి బట్ చివరి వరకు గల దూరం అందులో ముఖ్యమైనది. అమెరికాలో పెద్దలకు తయారయ్యే తుపాకులలో ఇది సుమారు 14 అంగుళాలు. బాలుర కొరకు తయారయ్యే వాటిలో 12, 13 అంగుళాలు. ఈ ‘బాలుర తుపాకి’ అన్న పేరు చూచి పొట్టివారు, స్త్రీలు, మెడ, భుజం బిగుసుకుపోయిన వృద్ధులు దానిని తాకడానికే సంకోచిస్తారు. అనవసరమైన సంకోచమది. బట్ పొడవు ఎక్కువైతే అది చొక్కాకు తట్టుకుంటుంది, భుజపు గుంటలో కాక దండపై ఆనుతుంది, ముందు చేయి మితిమీరి చాచవలసి వస్తుంది. పొట్టిదైతే పేల్చినప్పుడు బొటనవ్రేలు ముక్కుకు తగులుతుంది. తుపాకిని భుజానికెత్తి చెంప ఆనించినప్పుడు ముక్కుకు, బొటనవ్రేలికి మధ్య రెండు మూడు వ్రేళ్ల ఎడం ఉంటే కొలత సరిపోయినట్లే.

బట్ చివర రబ్బరు మెత్త తప్పక ఉండవలెను. అది తన్నును తగ్గించదు. కాలంలో సాగదీస్తుంది, స్థలంలో పరుస్తుంది. క్రికెట్‌లో బంతి పట్టేవాడు చేతులను వెనుకకు లాగుకోవడంలో ఉన్న సూత్రమే ఇది.

బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఎక్కడ ఉన్నది అన్నది కూడ చూడవలెను. పొడవైన గొట్టం బరువును ముందుకు నెట్టి ముందు చేతిని అలసటకు గురిచేస్తుంది. పొట్టి గొట్టం తేలిక గాని, దాని మోత పేల్చేవాని చెవికి దగ్గరవుతుంది. లక్ష్యం వెంట తిప్పేటప్పుడు నిలకడ తగ్గుతుంది. ఖాళీ తుపాకిని భుజానికెత్తి అర నిమిషం నిలిపి చూడండి. కొన వణికితే ఆ తుపాకి మీది కాదు.

కన్ను చెప్పే తీర్పు

మనకు చేతివాటం ఉన్నట్లే కంటివాటం కూడ ఉన్నది. రెండు అరచేతులను కలిపి మధ్య చిన్న రంధ్రం ఉంచి, చేతులు చాచి, దూరాన గల గడియారాన్ని ఆ రంధ్రంలోంచి రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక కన్ను మూయండి. గడియారం అట్లే కనబడితే తెరచి ఉన్నదే మీ బలమైన కన్ను. మాయమైతే మూసినదే బలమైనది. షాట్‌గన్‌ను రెండు కళ్లు తెరచి, లక్ష్యాన్నే చూస్తూ పేల్చుతారు. కనుక కుడి భుజానికి తుపాకి ఆనించినవాని ఎడమ కన్ను బలమైనదైతే గురి ప్రతిసారీ ప్రక్కకు పోతుంది. వాడు ఎంత సాధన చేసినా తన తప్పేమిటో తెలియక క్రుంగిపోతాడు.

మా మిత్రుని కథలో మలుపు ఇక్కడ వచ్చింది. ఒక వృద్ధ శిక్షకుడు అతనిని మొదట కంటి పరీక్ష చేశాడట. ఎడమ కన్ను బలమైనదని తేలింది. ఆపైన రెండు చేతులను చూచి, “ఏ చేయి బలమైనది?” అని అడిగాడట. కుడి చేయి. “అట్లయితే ఆ చేయి ముందుండవలెను గదా!” అన్నాడట.

ఆ మాటలోని యుక్తిని గమనించండి. పంప్ యాక్షన్‌లో ముందు చేయి రెండు పనులు చేస్తుంది: బరువులో అధికభాగం మోస్తుంది, లాగి తోస్తుంది. వెనుక చేయి బట్‌ను భుజానికి ఒత్తి, ట్రిగ్గర్‌ను ఒక వ్రేలితో నొక్కుతుంది. లోకం ‘కుడిచేతివాటం గలవాడు కుడి భుజం’ అన్న ఒక్క నియమంతో మా మిత్రుని బలహీనమైన ఎడమ చేతికి కష్టమైన పనులు రెండూ అప్పగించింది. తుపాకిని ఎడమ భుజానికి మార్చగానే బలమైన కుడి చేయి ముందుకు వచ్చింది, వ్రేళ్లు మాత్రమే ఆడే ఎడమ చేతికి వ్రేలి పని దక్కింది, బలమైన కన్ను గొట్టం వెనుకకు చేరింది. తన్ను బలహీనమైన భుజం మీద పడుతుంది గనుక 24 గ్రాముల తూటా, మెత్తని రబ్బరు తప్పనిసరి ఐనాయి.

మీటలు ఎక్కడ ఉన్నాయి?

ఎడమ భుజానికి మారినవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. రెమింగ్టన్ 870లో సేఫ్టీ మీట ట్రిగ్గర్ వెనుక అడ్డంగా ఉంటుంది. కుడిచేతివారికి అనుకూలంగా అమర్చినది. 1960ల ఆరంభంలో వచ్చిన మాస్‌బర్గ్ 500లో సేఫ్టీ తుపాకి వీపు మీద ఉంటుంది. ఏ చేతి బొటనవ్రేలికైనా అందుతుంది, చూపుకు కూడ కనబడుతుంది. కీళ్లవాతంతో వ్రేళ్లు వంగనివారికి ఈ అమరిక సుఖం. ఐతే పిస్తోలు పిడి వంటి బట్ తగిలిస్తే ఆ సుఖం పోతుంది. బొటనవ్రేలు అంత పైకి అందదు.

ఈ రెండు తుపాకులలోను పేలిన డిప్పలు కుడి ప్రక్కకు ఎగురుతాయి. ఎడమ భుజం నుండి పేల్చేవాని ముఖం ముందుగా అవి పోతాయి. 1937 నాటి ఇథాకా 37, 1977లో వచ్చిన బ్రౌనింగ్ బి.పి.ఎస్. అనే తుపాకులలో డిప్ప క్రిందికి పడుతుంది. బ్రౌనింగ్‌లో సేఫ్టీ కూడ వీపు మీదనే ఉన్నది. ఎడమవాటం వారికి ఇవి అనుకూలమైనవి. ఏ సంస్థ పేరు గొప్పదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మీ వ్రేలికి ఏ మీట అందుతుందన్నదే ప్రశ్న.

కొన్ని హెచ్చరికలు

పేస్‌మేకర్ గలవారు, భుజానికో కంటికో శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడగనిదే తుపాకి ముట్టరాదు. పేస్‌మేకర్ అమర్చిన వైపు తన్ను పడితే దాని తీగకు హాని కలుగవచ్చును. చక్రాల కుర్చీలో కూర్చొని పేల్చేవారు బ్రేకులు బిగించి, కుర్చీ వెనుకకు ఒరగదని రూఢి చేసుకోవలెను. షాట్‌గన్ మోత 140 డెసిబెల్స్ దాటుతుంది. రక్షణ లేని చెవికి ఒక్క పేలుడు చాలు. పోయిన వినికిడి తిరిగి రాదు. 20 బోర్ తూటాను 12 బోర్ తూటాలతో కలిపి ఉంచరాదు. చిన్న తూటా పెద్ద గొట్టంలోకి జారి ఇరుక్కున్నప్పుడు వెనుక మరొకటి పేలితే గొట్టం బ్రద్దలవుతుంది. అమెరికాలో 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేయడం ఈ ప్రమాదం తప్పించడానికే.

అన్నిటికన్న ముఖ్యమైనది నిజాయితీ. తుపాకి కొనను అనుక్షణం సురక్షితమైన దిక్కున నిలపలేనివాడు, మూర్ఛలు వచ్చేవాడు, సేఫ్టీని తన వ్రేలితో తాను వేయలేనివాడు, ఎంత ఉత్సాహమున్నా ఆగవలెను. కోరిక తనదే గాని, గుండు తగిలేది ఇతరులకు. ‘నాకు తగిన తుపాకి ఏది?’ అని అడిగే ధైర్యం ఎంత అవసరమో, ‘నాకు ఏదీ తగదు’ అని ఒప్పుకునే ధైర్యం కూడ అంతే అవసరం. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినదని విద్యార్థులు గుర్తుంచుకోవలెను. ఇక్కడ గురి సాధన చేయదలచినవారికి ఎన్.సి.సి., రైఫిల్ క్లబ్బులే సరైన ద్వారాలు.

దేహం హద్దు – మనిషి హద్దు

హంగరీ దేశపు సైనికుడు కారొలీ టకాచ్ పిస్తోలు గురిలో దిట్ట. 1938లో చేతిబాంబు పేలి అతని కుడి చేయి ధ్వంసమైంది. అతడు ఎడమ చేతితో నేర్చుకొని 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లలో స్వర్ణ పతకాలు సాధించాడు. మన దేశపు అవనీ లేఖరా బాల్యంలో ప్రమాదానికి గురై చక్రాల కుర్చీకి పరిమితమైనది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లోను, 2024 పారిస్ పారాలింపిక్స్‌లోను రైఫిల్ గురిలో స్వర్ణం గెలిచింది. వీరి పట్టుదలను మనం వేనోళ్ల పొగడుతాము, పొగడవలసినదే. కాని పట్టుదల ఒక్కటే చాలదు. దేహానికి తగిన పరికరం, దేహాన్ని ఉన్నది ఉన్నట్లు చూచే గురువు కూడ కావలెను. అవి లేనిచోట పట్టుదల గలవాని భుజం కమిలిపోతుంది, అంతే.

రెండవ ఫోనులో మా మిత్రుడు, “ఇరవై అయిదింటిలో పదకొండు పగిలాయి” అన్నాడు. గొప్ప సంఖ్య ఏమీ కాదు. కాని ఈసారి ‘ఎన్ని తగిలాయి’ అని అడిగినది నేను, చెప్పినది అతడు. ఫోను పెట్టేసిన తరువాత నాకు ఆనాటి కళాశాల గేటు గుర్తుకు వచ్చింది. అతనిని అక్కడ ఆపినది ఏ నియమమో నేను ఎరుగుదును. దానిని తప్పు పట్టను. కాని అతని ఏ చేయి బలమైనది, ఏ కన్ను బలమైనది అని ఆనాడు అడిగినవారు ఎవరూ లేరు. ప్రక్కనే ఉన్న నేనూ అడగలేదు.

ఉపాధ్యాయుడనైన నాకు ఇది తుపాకి పాఠం మాత్రమే కాదు. నా తరగతిలో వెనుక బల్ల మీద కూర్చొని ‘ఇది నా వల్ల కాదు’ అనుకునే విద్యార్థి ఉన్నప్పుడు, వాని చేతికి నేనిచ్చిన పనిముట్టు వానికి తగినదేనా అని మొదట నన్ను నేను ప్రశ్నించుకుంటున్నాను.